కర్త కనబడని వాక్యం

తెలుగు సిద్ధాంత గ్రంథాలు చదివే అలవాటున్నవాళ్లకి ఒక వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది. ‘ఈ అధ్యాయంలో ఫలానా అంశాన్ని పరిశీలించడం జరిగింది.’ తర్వాతి అధ్యాయంలో విశ్లేషించడం జరుగుతుంది. చివరి అధ్యాయంలో క్రోడీకరించడం జరుగుతుంది. అన్నీ వాటంతటవే జరిగిపోతుంటాయి. ఎవరు పరిశీలించారు, ఎవరు విశ్లేషించారు అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. నిజానికి తెలుగు వాక్యంలో కర్తను దాచడం అంత తేలిక కాదు. కర్తృపదాన్ని వదిలేసినా క్రియ చివరి ప్రత్యయం పట్టిచ్చేస్తుంది. ‘చూశాను’ అన్నామంటే నేను, ‘చూశావు’ అన్నామంటే నువ్వు. కర్తను పూర్తిగా మాయం చేయాల్సి వచ్చినప్పుడే ఈ ‘జరిగింది’ అవసరమవుతుంది.

ఇది కేవలం శైలికి సంబంధించిన చాదస్తమైతే ఇంత చర్చ అక్కర్లేదు. పత్రికా భాషలో ఇదే క్రియ ఏం చేస్తుందో స్త్రీలుగా మనకు బాగా తెలుసు. అత్యాచారం జరుగుతుంది. వరకట్నపు చావు జరుగుతుంది. చేసినవాడు వాక్యంలోకి రాడు. అదే వాక్యాన్ని విశ్వవిద్యాలయంలో రాసినప్పుడు దానికి ‘వస్తునిష్ఠత’ అని గౌరవప్రదమైన పేరు వస్తుంది.

అకడమిక్ రచనకు ఉండాల్సిన లక్షణాలుగా మనం నేర్చుకునేవి ఇవి: ప్రతి మాటకీ ఆధారం, నిర్దిష్టమైన పరిభాష, క్రమబద్ధమైన నిర్మాణం, అంతకుముందు జరిగిన కృషిని గుర్తించడం, రాసేవారి ఇష్టాయిష్టాలకు అతీతంగా ఉండటం. ఈ లక్షణాల పట్ల స్త్రీవాదుల వైఖరి రెండు రకాలుగా ఉంటూ వచ్చింది. కొందరు పట్టా కోసం వాటిని తు.చ. తప్పకుండా పాటించారు. మరికొందరు ఇది మగవాళ్ల భాష అని పక్కన పెట్టి స్వానుభవ వ్యాసం వైపు నడిచారు. నా దృష్టిలో ఈ రెండూ చాలవు. ఆధారం అడగడం, పదానికి అర్థం తేల్చుకోవడం, ముందు రాసినవాళ్ల పేరు చెప్పడం, ఇవన్నీ మనకు పనికొచ్చే పనిముట్లే. మన తగాదా ఉండాల్సింది కర్తను దాచిపెట్టే ఆ ఒక్క అలవాటుతోనే.

నాలుగు మెట్లు, ఒక పండుగ

అకడమిక్ రచనను సాధారణంగా నాలుగు రకాలుగా చెబుతారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేది వివరణాత్మకం. చెప్పినదాన్ని విడదీసి, వర్గీకరించి, భాగాల మధ్య సంబంధాలు చూపించేది విశ్లేషణాత్మకం. ఆధారాలతో ఒక అభిప్రాయాన్ని నిలబెట్టేది వాదనాత్మకం. తన అభిప్రాయంతోపాటు ఇతరుల అభిప్రాయాలనూ తూకం వేసి చూసేది విమర్శనాత్మకం. ఇవి ఒకదానిమీద ఒకటి ఆధారపడిన మెట్లు. కింది మెట్టు గట్టిగా లేకపోతే పైది నిలవదు.

పశ్చిమ కర్నూలులో, మా ఆస్పరి మండలంలో కైరుప్పల అనే ఊరుంది. ఉగాది మరునాడు అక్కడ పిడకల సమరం. ఊళ్లో ఎక్కువగా వినిపించే కథ ప్రకారం కాళికాదేవి, వీరభద్రస్వామి ప్రేమించుకున్నారు. పెళ్లి మాట వచ్చేసరికి స్వామి జాప్యం చేశాడు. అమ్మవారి వైపువాళ్లకి కోపం వచ్చి పిడకలతో కొట్టారు. స్వామి వైపువాళ్లు ఎదురు తిరిగారు. చివరికి రాజీ కుదిరి కల్యాణం చేశారు. దాన్ని తలుచుకుంటూ జనం రెండు వర్గాలుగా విడిపోయి పిడకలు విసురుకుంటారు. దెబ్బ తగిలినవాళ్లు గుడిలో విభూతి పెట్టుకుంటారు. ఏటా ఉగాది వెళ్లగానే పత్రికల్లో వచ్చే వార్త దాదాపు ఇంతే. ఇది వివరణ.

రెండో మెట్టు ఎక్కి దీన్ని విడదీద్దాం. కథ, గుడి, రెండు వర్గాలు, పిడకలు, గాయాలు, కల్యాణం. వీటిలో కథకి దేవుడూ దేవతా ఉన్నారు. గుడికి పూజారి ఉన్నాడు. వర్గాలకి పెద్దలున్నారు. పిడకలకి మాత్రం ఎవరూ లేరు. అవి కుప్పలుగా పోసి ఉంటాయి, అంతే. పేడ ఎత్తి, ఊకో పొట్టో కలిపి పిసికి, గోడకి కొట్టి, ఎండాక ఒలిచి, వాన తగలకుండా గూడు పేర్చే పని మన పల్లెల్లో ఎవరిదో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందరికీ తెలిసిన విషయం కాబట్టే అది వివరణలోకి రాదు. స్త్రీల శ్రమ కాగితం మీద కనబడకపోవడానికి ప్రతిసారీ ఎవరో కుట్ర చేయక్కర్లేదు. ‘అది తెలిసిందేగా’ అనే భావన చాలు.

మూడో మెట్టు మీద ఒక ప్రతిపాదన చేయొచ్చు. ఈ ఆచారాన్ని ప్రాంతీయ సాంస్కృతిక వారసత్వంగా రాసేవాళ్లు పిడకల తయారీని కూడా ఆ వారసత్వంలో భాగంగా లెక్కించాలి అని. ఇక్కడ స్త్రీవాదం పేరు చెప్పి ఆధారం నుంచి తప్పించుకోవడానికి వీల్లేదు. ఏ ఇళ్ల నుంచి పిడకలొస్తాయి, ఏ కులాలవాళ్లు చేస్తారు, ఇష్టంగా ఇస్తారా, వంతు ప్రకారం ఇస్తారా, డబ్బు ముడుతుందా, గ్యాస్ పొయ్యిలు వచ్చాక పండుగ కోసమే ప్రత్యేకంగా చేయాల్సి వస్తోందా, విసిరే చోట స్త్రీలు నిలబడతారా, మిద్దెలమీంచి చూస్తారా. వీటిలో ఏ ఒక్కటీ ఊహించి రాయకూడదు. అడగాలి, లెక్కపెట్టాలి, చెప్పినామె పేరుతో రాసుకోవాలి. ‘స్త్రీలు పీడితులు కాబట్టి ఇక్కడా పీడన ఉంటుంది’ అని రాస్తే అది నినాదమవుతుందే తప్ప పరిశోధన కాదు.

నాలుగో మెట్టు ఇంకా కష్టం. ఇటువంటి ఆచారాల మీద సాధారణంగా రెండు వాదనలు వినిపిస్తాయి. మనుషులు గాయపడే మూఢాచారం కాబట్టి ఆపాలన్నది ఒకటి. తరతరాల సంప్రదాయం కాబట్టి కాపాడాలన్నది రెండోది. ఈ రెండూ విసిరేవాళ్లనే చూస్తాయి. కథను కూడా రెండు విధాలుగా చదవొచ్చు. స్త్రీ కోపాన్ని ఏడాదికి ఒక్కరోజు ఒప్పుకుని, పెళ్లితో దాన్ని చల్లార్చే కథ అనొచ్చు. ఒక స్త్రీకి జరిగిన అవమానానికి సగం ఊరు ఆమె పక్షాన నిలబడే కథ అనీ అనొచ్చు. రెండో పఠనం నాకు ఇష్టం. కానీ ఇష్టం సరిపోదు. ఆ ‘సగం ఊరు’లో స్త్రీల స్థానం ఏమిటో తేలేవరకూ మొదటి పఠనాన్ని తోసిపుచ్చే హక్కు నాకు లేదు. తనకు నచ్చని వ్యాఖ్యానానికి కూడా చోటిచ్చి దానితో వాదించడమే విమర్శనాత్మక రచన.

వివరణ దగ్గరే ఆగిపోవడం

నేను చదివిన తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటి ప్రయాణం మొదటి మెట్టు మీదే ముగుస్తుంది. ‘ఫలానావారి నవలలు - సమగ్ర పరిశీలన’, ‘ఫలానావారి కథల్లో స్త్రీ పాత్రలు - అనుశీలన’ అన్న మూస మనందరికీ పరిచయమే. మొదటి అధ్యాయం జీవిత విశేషాలు, రెండోది ప్రక్రియా వికాసం, మూడోది ఇతివృత్తాలు, నాలుగోది పాత్రలు, అయిదోది భాషాశైలులు. కథలు తిరిగి చెప్పడంతోనే మూడొంతుల పుటలు నిండుతాయి.

స్త్రీ పాత్రల అధ్యాయంలో వర్గీకరణ ఉంటుంది కాబట్టి అది విశ్లేషణ అనిపిస్తుంది. ఆదర్శ గృహిణి, అభ్యుదయ మహిళ, వంచిత, పతిత... అయితే ఈ గళ్లు ఎవరు గీశారు? రచయిత్రి ఆ పాత్రని ‘పతిత’ అందా? నవలలో ఇంకొక పాత్ర అందా? పరిశోధకురాలే అందా? ‘పతిత పాత్రలుగా వర్గీకరించడం జరిగింది’ అనే వాక్యంలో ఈ మూడు ప్రశ్నలూ ఒక్కసారే మాయమవుతాయి. సమాజం ఎప్పుడో ఇచ్చిన తీర్పు వస్తునిష్ఠమైన శాస్త్రీయ విభజనగా గ్రంథంలోకి ఎక్కుతుంది. ఆ వాక్యాన్ని ‘వీరిని నేను పతితలుగా వర్గీకరించాను’ అని మార్చి రాసుకుని చూడండి. చేయి ఆగుతుంది. ఎందుకలా వర్గీకరించానన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ ప్రశ్నే విశ్లేషణకు మొదలు.

పీఠికల్లో జరిగిన పరిశోధన

తెలుగులో స్త్రీలు ఈ పై మెట్లు ఎక్కలేదని దీని అర్థం కాదు. ఎక్కారు. వాళ్లు ఎక్కింది మనం పరిశోధన అని పిలవని చోట, ముందుమాటల్లో, పీఠికల్లో.

భండారు అచ్చమాంబ 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రచురించింది. పైకి అది స్త్రీల జీవిత చరిత్రల సంకలనం, అంటే వివరణ. కానీ ఎందుకు రాస్తోందో ఆమె ముందే స్పష్టంగా చెప్పింది. స్త్రీలు బలహీనులనీ, తెలివితక్కువవాళ్లనీ, చదివిస్తే చెడిపోతారనీ చేసే ఆరోపణలు అబద్ధమని చరిత్రలోంచి చూపించడం ఆమె ఉద్దేశం. ఒక్కొక్క జీవితం ఆ వాదనకి ఒక్కొక్క సాక్ష్యం. ఆమె ఏ కళాశాలలోనూ చదవలేదు. 1905లో చిన్న వయసులోనే చనిపోయింది. అయినా ఆ పుస్తకంలో ప్రతిపాదన ఉంది, దానికి ఆధారాల సేకరణ ఉంది, ఎదుటివాదం ప్రస్తావన ఉంది. వాదనాత్మక రచనకి ఇంకేం కావాలి?

బెంగుళూరు నాగరత్నమ్మది ఇంకా పదునైన ఉదాహరణ. పద్ధెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ అప్పటికే అచ్చులో ఉంది. నాగరత్నమ్మ దాంతో తృప్తిపడక రాతప్రతి సంపాదించి అచ్చుప్రతితో పోల్చి చూసింది. కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన గురించి, తన ఇంటి స్త్రీల గురించి చెప్పుకున్న పీఠిక లేదు. అంటే కావ్యం ఉంచి, కర్తను తీసేశారు. పోయినవాటిని చేర్చి 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి ప్రతిని ఆమె వెలువరించింది. కందుకూరి వీరేశలింగం అంతకుముందు ఈ కావ్యాన్ని అశ్లీలమని నిందించారు. నాగరత్నమ్మ ఆ నిందకు కోపంతో జవాబివ్వలేదు, పోలికతో జవాబిచ్చింది. పురుష కవుల శృంగారాన్ని దీని పక్కన పెట్టి, మర్యాద ఆడవాళ్లకి మాత్రమేనా అని నిలదీసింది. 1911లో మద్రాసు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో ఆ నిషేధం తొలగింది.

ప్రతుల పోలిక, పాఠ పరిష్కరణ, పూర్వ విమర్శకుల ఖండన. పరిశోధన పద్ధతుల పాఠంలో మనం నేర్చుకునేవన్నీ ఆ చిన్న ముందుమాటలో ఉన్నాయి. ఒక దేవదాసీ కవయిత్రి రాసిన కావ్యాన్ని నిలబెట్టడానికి అదే వృత్తికి చెందిన మరొక స్త్రీకి ఉన్న బలం అనుభవం ఒక్కటే కాదు. చేతిలో రాతప్రతి ఉంది. ‘నాకు అలా అనిపించింది’ అని రాసి ఉంటే కొట్టిపారేయడం సులభం. ‘ఈ పద్యాలు ఇక్కడ లేవు, అక్కడ ఉన్నాయి’ అన్నది కొట్టిపారేయలేరు. నిషేధించాల్సి వచ్చింది. ఆధారం బలహీనులకి ఎంత అవసరమో చెప్పడానికి నాకింతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’, 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం ‘నల్లపొద్దు’ ఈ దారిలోనివే. పుస్తకాన్ని కూర్చడం, ఎందుకు కూర్చామో చెప్పడం, అంతవరకూ ఎందుకు కనబడలేదో ప్రశ్నించడం వీటి పని. విశ్వవిద్యాలయం లెక్కలో సంకలనానికి రాసిన ముందుమాట కంటే సదస్సు పత్రానికి విలువ ఎక్కువ. స్త్రీల వైపు నుంచి తెలుగు సాహిత్య చరిత్రను మార్చిన పనిలో ఎక్కువ భాగం ఆ ముందుమాటల్లోనే ఉంది. అకడమిక్ రచన రకాల గురించి చెప్పేటప్పుడు సిద్ధాంత గ్రంథం, పరిశోధన వ్యాసం, సమీక్ష అని ఆపకుండా పీఠికను కూడా ఒక ప్రక్రియగా చేర్చి బోధించాలి.

చెప్పినామె ఎక్కడ?

‘మనకు తెలియని మన చరిత్ర’ మరొక సమస్యను కూడా పరిష్కరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, బ్రిజ్‌రాణి వంటి స్త్రీలు తమ మాటల్లో తమ పేర్లతో ఆ పుస్తకంలో ఉన్నారు. వాళ్లు చెప్పినది వేరొకరి వాదన కింద ‘సమాచారం’గా కరిగిపోలేదు.

దీన్ని మన క్షేత్ర పరిశోధనతో పోల్చండి. జానపద గేయాలు విశ్వవిద్యాలయ పరిశోధనకి తగిన వస్తువని 1950ల్లో బిరుదురాజు రామరాజు చూపించారు. నాయని కృష్ణకుమారి గేయగాథల మీద చేసిన కృషి ఆ దారిని విస్తరించింది. ఆ దారిలో ఊళ్లకి వెళ్లినవాళ్లం ఎందరమో ఉన్నాం. దంపుళ్ల పాట, నాట్ల పాట, లాలి పాట ఎవరి గొంతుల్లోంచి వచ్చాయి? గ్రంథంలో పాట ఉంటుంది, దాని ఛందస్సు ఉంటుంది, అందులోని అలంకారాలు ఉంటాయి. పాడినామె చాలాసార్లు ‘వక్త’గా, అనుబంధంలో ఒక వరసగా మిగులుతుంది. ఒక్కోసారి అదీ ఉండదు. ‘సేకరించడం జరిగింది.’

గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి యు.జి.సి. 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే చర్య మొదలవుతుంది, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మంచి నిబంధనలే. అయితే సాఫ్ట్‌వేర్ పట్టుకోగలిగేది అంతకుముందు రాతలో ఉన్న వాక్యాన్నే. పత్తి చేలో ఒక అవ్వ అరగంట ఆలోచించి చెప్పిన వివరణని పరిశోధకురాలు తన విశ్లేషణగా రాసుకుంటే ఏ సాఫ్ట్‌వేరూ ఎర్రగీత గీయదు. అచ్చులో లేనిది ఎవరి సొత్తూ కాదన్న నమ్మకం ఇంకా పోలేదు. పేరు చెప్పడం ఆమెకి హాని చేసే సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఆమెనే అడిగి పేరు మార్చాలి, మార్చినట్టు రాయాలి. పేరు కాపాడటం వేరు, పేరు పట్టించుకోకపోవడం వేరు.

మాటకి అర్థం ఎవరిస్తారు?

పరిభాష నిర్దిష్టంగా ఉండాలన్నది మరో నియమం. దీన్నీ నేను సమర్థిస్తాను. ఆదోని, ఎమ్మిగనూరు, ఆస్పరి ప్రాంతాల్లో ‘సుగ్గికి పోయినారు’ అంటే పనుల కోసం ఊరు విడిచి వెళ్లారని. పంటలు చేతికి రాని ఏడు గుంటూరు వైపు మిరపకాయ కోతకో, ఇతర జిల్లాలకి పత్తి తీతకో కుటుంబాలకి కుటుంబాలే తరలిపోతాయి. మాట కన్నడం నుంచి వచ్చింది. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, ఆ కాలపు సంబరం. సరిహద్దు దాటి మా వైపు వచ్చేసరికి అది పరాయివాళ్ల పంట కోయడానికి పోవడమైంది. ఒక ప్రాంతపు చరిత్ర మొత్తం ఆ అర్థ విపరిణామంలో ఉంది.

పరిశోధనలో దీన్ని ‘కాలానుగత వలస’ అని రాస్తారు. తప్పు కాదు. ఇతర ప్రాంతాలతో పోల్చడానికి అటువంటి సాధారణ పదం అవసరమే. కానీ ‘వలస జరుగుతుంది’ అన్నప్పుడు ఎవరు కదులుతున్నారో తెలియదు. ‘సుగ్గికి పోయినారు’లో మనుషులున్నారు. ఆ మనుషుల్లో పసిబిడ్డని చంకనేసుకుని పోయిన తల్లి, ఇంట్లో ముసలివాళ్లతో ఉండిపోయిన కోడలు, బడి మానేసి తమ్ముణ్ణి చూసుకోవడానికి వెంటవెళ్లిన పదేళ్ల పిల్ల వేరువేరు మనుషులు. రెండు మాటలూ పక్కపక్కన ఉంచి, ఒకటి ఏం చూపిస్తుందో, రెండోది ఏం దాచుతుందో చెప్పడమే పరిభాషా నిర్దిష్టత. స్థానిక పదాన్ని తీసేసి ప్రామాణిక పదాన్ని పెట్టడం ఆ పేరుకి తగదు.

‘నేను’ రాయొచ్చా?

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి చేసిన పోరాటం విశ్వవిద్యాలయాల్లో నెగ్గడానికి దశాబ్దాలు పట్టింది. భాష మారింది గానీ మాట్లాడే మనిషి ఇంకా వాక్యంలోకి రాలేదు. మన వ్యాకరణం ఏకవచనంలో స్త్రీని వస్తువుల సరసన కూర్చోబెట్టింది. ఆమె వచ్చింది, బండి వచ్చింది. ‘పరిశీలించడం జరిగింది’లో ఆ ‘ఆమె’కి కూడా చోటు లేదు.

పరిశోధన నిబంధనలు ఈ విషయంలో రచనా నియమాల కంటే ముందున్నాయి. స్త్రీలకి పిహెచ్.డి. గడువులో రెండేళ్ల సడలింపు, ప్రసూతి లేదా శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు యు.జి.సి. 2016 నిబంధనల్లో చేరాయి. 2022 నిబంధనలు వాటిని కొనసాగించాయి. అంటే పరిశోధకురాలికి శరీరం ఉంటుందనీ, ఇల్లూ పిల్లలూ ఉంటారనీ కాగితం మీద ఒప్పుకున్నారు. ఆమె రాసే గ్రంథంలో మాత్రం ఆ మనిషి ఉండకూడదు.

అయితే ‘నేను’ని ఎలా తేవాలన్నది జాగ్రత్తగా ఆలోచించాల్సిన సంగతి. స్వానుభవాన్ని ఆధారం స్థానంలో పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆస్పరిలో పుట్టినంత మాత్రాన సుగ్గికి పోయినామె గురించి నాకంతా తెలుసనుకోవడం, నగరం నుంచి వచ్చిన పరిశోధకుడు తనకంతా తెలుసనుకోవడం కంటే గొప్పదేమీ కాదు. నేను చదువుకున్నదాన్ని, ఆమె సంచీ కట్టుకుని పోయినామె. మా మధ్య కులం, తరగతి, చదువు ఉన్నాయి. ‘నేను’ అని రాయడం ఆ దూరాన్ని చెరిపేయడానికి కాదు, ఎంత దూరం నుంచి చూస్తున్నానో చదివేవాళ్లకి తెలియజేయడానికి. ఎక్కడ నిలబడి చూశానో చెబితే, నాకు కనబడనిది ఏమై ఉంటుందో పాఠకురాలు లెక్క కట్టుకోగలదు. నన్ను సరిదిద్దగలదు. నా దృష్టిలో వస్తునిష్ఠత అంటే ఇదే.

కాబట్టి పరిశోధనలు చేయిస్తున్న, చేస్తున్న స్నేహితురాళ్లకి నా ప్రతిపాదన చాలా చిన్నది. రాతప్రతిలో ‘జరిగింది’ అన్న ప్రతిచోటా కింద గీత గీయండి. ఆ వాక్యంలో పని ఎవరు చేశారో రాయండి. వర్గీకరించింది మీరైతే మీరని రాయండి. పాట పాడింది ఒకామె అయితే ఆమె పేరు రాయండి. పేడ పిసికింది ఎవరో తెలియకపోతే తెలుసుకోవడానికి మళ్లీ ఆ ఊరికి వెళ్లండి. గ్రంథం పూర్తి కావడం కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. కర్తలు లేని వాక్యాలతో నిండిన గ్రంథాలు మన గ్రంథాలయాల్లో ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటికి ఇంకొకటి చేర్చే తొందర మనకు అక్కర్లేదు.